తక్కువ మాటల విజిటింగ్ కార్డు: చెన్నైలోని చిన్న కళావ్యాపారాలకు ఒక మార్గదర్శి

చేతి అచ్చు చీరలు, మట్టి పాత్రలు, బొమ్మలు గీసిన శుభలేఖలు, నగలు, ఫొటోలు, వీటిలో ఏదో ఒకటి స్వయంగా తయారు చేసి అమ్ముకునే చిన్న వ్యాపారం మీదైతే, దుకాణం బోర్డు కన్నా, కరపత్రం కన్నా ముందు మీకు కావలసింది మంచి విజిటింగ్ కార్డు. ప్రదర్శనలో మీ పని చూసి మెచ్చుకున్నవారిలో అక్కడికక్కడే కొనేవారు కొందరే. మిగిలినవారు ఇంటికి వెళ్ళి, ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకుని, ముహూర్తం కుదిరాకనో పండుగ దగ్గర పడ్డాకనో మిమ్మల్ని వెతుక్కుంటారు. ఆ రోజున పర్సులోంచో బీరువా సొరుగులోంచో బయటికి తీసిన కార్డు మీరెవరో, ఏం చేస్తారో, మిమ్మల్ని ఎలా పట్టుకోవాలో ఒక్క చూపులో చెప్పాలి. ఇక్కడ చెప్పబోయే ప్రతి నిర్ణయమూ ఆ రోజును దృష్టిలో పెట్టుకుని తీసుకున్నదే.

తక్కువ మాటలతో, ఎక్కువ ఖాళీతో కార్డు చేసే, మినిమలిస్ట్ అని పిలిచే పద్ధతిలో పని తగ్గుతుందని చాలామంది అనుకుంటారు గానీ నిజానికి పెరుగుతుంది. కార్డు నిండా పువ్వులూ గీతలూ ఉన్నప్పుడు అక్షరం కాస్త పక్కకు జరిగినా ఎవరి కంటా పడదు. నాలుగు మాటలే మిగిలినప్పుడు వాటి పరిమాణం, చోటు, సిరా, కాగితం అన్నీ బయటపడతాయి, దాచడానికి ఏ అలంకారమూ ఉండదు. అందువల్ల తొందరపడకుండా, కింద చెప్పిన వరుసలోనే పని చేసుకోండి. ముఖ్యంగా, కంప్యూటరు ముందు కూర్చోవడం నాలుగో అడుగు దాకా వాయిదా వేయండి.

మొదటి అడుగు: అన్నీ రాసి, తర్వాత కొట్టివేయడం

కార్డులో ఉండాలని మీకూ మీ ఇంట్లోవాళ్ళకూ అనిపించినవన్నీ ఒక తెల్లకాగితం మీద రాయండి. వ్యాపారం పేరు, మీ పేరు, హోదా, రెండు మూడు ఫోన్ నంబర్లు, ఈమెయిలు, వెబ్‌సైటు, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, పూర్తి చిరునామా, జీఎస్టీ నంబరు, చేసే పనుల పట్టిక, ఒక నినాదం, పైన దేవుడి బొమ్మ, ఇలా ఆ జాబితా పెరుగుతుంది. తర్వాత ఒక్కొక్కదాని దగ్గరా ఆగి, కార్డు అందుకున్న మనిషి దీన్ని చూసి ఏం చేస్తారని ప్రశ్నించుకోండి. ఏమీ చేయరనిపించిన దాన్ని కొట్టివేయండి.

ఒక్కరే నడిపే వ్యాపారంలో హోదా అక్కరలేదు. ఫోన్ నంబరు ఒక్కటే ఉండాలి, అది మీరు తప్పకుండా ఎత్తేదీ వాట్సాప్ ఉన్నదీ అయి ఉండాలి. పది అంకెలను ఐదూ ఐదుగా విడదీసి రాస్తే, చూసి నొక్కేటప్పుడు తప్పు రాదు. అమెరికాలోనో దుబాయిలోనో ఉన్న బంధువులు శుభలేఖలకూ చీరలకూ ఫోన్ చేసే అవకాశం ఉంటే ముందు +91 కూడా వేయండి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వెబ్‌సైటు మూడూ ఉన్నా, మీ తాజా పనులు ఎక్కడ కనిపిస్తాయో ఆ ఒక్కటే ఉంచండి. రెండేళ్ళుగా ఏమీ పెట్టని పేజీకి దారి చూపడం కన్నా అసలు చూపకపోవడమే నయం.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు ఆ నంబరును బిల్లు మీద, వ్యాపారస్థలం ముందున్న బోర్డు మీద చూపాలి. విజిటింగ్ కార్డు మీద వేయాలన్న నిబంధన లేదు. పైగా ఆ 15 అక్షరాలలో మూడవది మొదలు పన్నెండవది దాకా ఉండేది పాన్ నంబరే. సొంత పేరు మీద వ్యాపారం చేసేవారు తమ పాన్‌ను కనబడిన ప్రతివారికీ పంచవలసిన అవసరం ఏముంది?

చిరునామా విషయంలో కాస్త ఆలోచించాలి. కొనేవాళ్ళు మీ దగ్గరికి వచ్చే వ్యాపారమైతే పూర్తి చిరునామా ఉండవలసిందే, అప్పుడు చెన్నైలో మామూలైన పాత నంబరు, కొత్త నంబరు రెండూ వేయాలి, లేకపోతే వీధిలోకి వచ్చినవారు రెండు ఇళ్ళ మధ్య తిరుగుతూ ఉంటారు. ఇంట్లోనే పని చేసుకునేవారు, అందులోనూ ఒంటరిగా పని చేసుకునే ఆడవాళ్ళు, "మైలాపూర్, చెన్నై" అని పేట పేరు మాత్రం వేస్తే చాలు. రావలసినవారికి పూర్తి చిరునామా ఫోన్‌లో పంపవచ్చు.

అన్నిటిలోకీ కష్టమైనది చేసే పనిని ఒక్క వరుసలో చెప్పడం. ఎనిమిది రకాల పనులు చేతనైనవారికి ఏడింటిని వదులుకోవడం బాధగానే ఉంటుంది. అయితే ఎనిమిదీ వేసిన కార్డు చూసినవారికి ఒక్కటీ గుర్తుండదు. మీ దగ్గర కొన్నావిడ పక్కింటావిడతో మీ గురించి చెప్పేటప్పుడు ఏమంటారో ఊహించి, ఆ మాటలే రాయండి: "చెక్క అచ్చులతో అద్దిన నూలు చీరలు", "బొమ్మలు గీసి చేసే శుభలేఖలు". ఐదారు మాటలు దాటకూడదు. "సృజనాత్మక సేవలు" వంటి మాట ఏ వ్యాపారానికైనా సరిపోతుంది, కాబట్టి మీ వ్యాపారం గురించి ఏమీ చెప్పదు.

ఇక దేవుడి బొమ్మ. మన ఇళ్ళల్లో అచ్చు వేసే ఏ కార్డు మీదనైనా పైన వేంకటేశ్వరస్వామో వినాయకుడో ఉండాలని పెద్దలు కోరడం సహజం, ఆ కోరికను తేలిగ్గా తీసుకోకూడదు. నేను పెద్దవాళ్ళకు చెప్పే మాట ఒకటుంది: విజిటింగ్ కార్డు శుభలేఖలా భద్రంగా ఉండేది కాదండీ, కింద పడుతుంది, కాళ్ళ కింద నలుగుతుంది, చెత్తబుట్టలోకి పోతుంది, అక్కడ స్వామి బొమ్మ ఉండటం మనకే మంచిది కాదు. ఈ మాట చాలామంది ఒప్పుకుంటారు. ప్రెస్ నుంచి వచ్చిన మొదటి కార్డుకు నాలుగు మూలలా పసుపు పెట్టి పూజగదిలో ఉంచితే వారికీ తృప్తిగా ఉంటుంది, కార్డూ తేటగా ఉంటుంది.

రెండవ అడుగు: ఏ లిపిలో, ఏ వైపు

ఇంగ్లీషు, తమిళం, తెలుగు, మూడు లిపులూ రోజూ కనబడే ఊరు మనది. మూడింటినీ ఒకే ముఖం మీద వేస్తే చదివేవారి చూపు ఎక్కడా నిలవదు. కాబట్టి ముందుగా, మీ కార్డు ఎక్కువగా ఎవరి చేతికి వెళ్తుందో నిజాయితీగా లెక్క వేసుకోండి.

నా సలహా ఇది. వ్యాపారం పేరును ముందువైపు తెలుగులో పెద్దగా వేయండి. అది మీ గుర్తు, లోగో కోసం వేరే బొమ్మ వెతకనక్కరలేదు. మన అక్షరాల గుండ్రటి ఒంపులు తెల్లని కాగితం మీద ఒంటరిగా నిలబడినప్పుడు, తెలుగు రానివారు కూడా ఆగి చూస్తారు. అదే పేరును ఇంగ్లీషులో, వివరాలతో కలిపి వెనకవైపు వేయండి. చెన్నైలో పుట్టి పెరిగిన మన పిల్లల్లో ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతూ చదవడం రానివారు చాలామంది ఉన్నారు కనుక, ఫోన్ నంబరు పక్కన ఉండే మాటలు తెలుగులో మాత్రమే ఉంటే మనవాళ్ళే కొందరు ఇబ్బంది పడతారు.

కొనేవారిలో తమిళులే ఎక్కువైతే వెనకవైపు ఇంగ్లీషు పేరుకు బదులు తమిళ పేరు వేయడం మర్యాద. అయితే తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, త, ద లకు ఒకే అక్షరం, ప, బ లకు ఒకే అక్షరం. కాబట్టి మీ పేరును తమిళంలో రాయించి, మీ వ్యాపారం గురించి ఏమీ తెలియని తమిళ మిత్రులొకరి చేత పైకి చదివించి వినండి. వేరే పేరుగా వినబడితే తమిళం వదిలి ఇంగ్లీషుతో సరిపెట్టడమే మేలు.

ఇంగ్లీషు వర్ణక్రమం కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మన త అక్షరానికి తమిళనాట టీహెచ్ వేయడం అలవాటు, మనలో కొందరు టీ మాత్రమే వేస్తారు. కార్డు మీద ఒక విధంగా, ఇన్‌స్టాగ్రామ్‌లో మరొక విధంగా, ఈమెయిల్‌లో ఇంకొక విధంగా ఉంటే వెతికినవారికి మీరు దొరకరు. ఒక్క వర్ణక్రమం ఎంచుకుని, అన్నిచోట్లా అదే ఉండేలా మార్చుకున్నాకే తర్వాతి అడుగు వేయండి.

మూడవ అడుగు: కాగితం, కొలత

డిజైన్ పూర్తయ్యాక కాగితం ఎంచుకోవడం చాలామంది చేసే పని. ఈ రకం కార్డుకు అది తలకిందులు వ్యవహారం, ఎందుకంటే కార్డులో ఎక్కువ భాగం ఖాళీ కాగితమే. దానిని చేత్తో పట్టుకున్నప్పుడు కలిగే అనుభూతే మీ పని మీద కలిగే మొదటి అభిప్రాయం. జార్జ్ టౌన్‌లో, ప్యారీస్ కార్నర్‌కు దగ్గరలో ఉన్న ఆండర్సన్ వీధి కాగితాలకూ శుభలేఖలకూ పేరుపడిన చోటు. ఒక ఉదయం అక్కడికి వెళ్ళి నాలుగైదు రకాల అట్ట నమూనాలు అడిగి తెచ్చుకోండి. ఎండ వెలుగులో తెలుపు రంగుల తేడా చూడండి. కొన్ని నీలి ఛాయతో మెరుస్తాయి, కొన్ని మీగడ రంగులో ఉంటాయి. చేతిపని వ్యాపారాలకు మీగడ రంగు బాగా నప్పుతుందని నా అభిప్రాయం.

కాగితం బరువును జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అన్న లెక్కలో చెబుతారు. విజిటింగ్ కార్డుకు 300 నుంచి 350 జీఎస్ఎం సరిపోతుంది. అంతకన్నా పలుచనైతే వంగిపోతుంది, మరీ మందమైతే కార్డు హోల్డరులో పట్టదు. నున్నటి పూత ఉన్న ఆర్ట్ కార్డుకూ పూత లేని కాగితానికీ ఉన్న తేడా జీఎస్ఎం కన్నా ముఖ్యం. పూత లేని దాని మీద పెన్నుతో రాయవచ్చు. ప్రదర్శనలో ఎవరికైనా కార్డు ఇస్తూ వెనక "మామిడిపిందెల అంచు, ఆరు గజాలు" అని రాసి ఇవ్వగలగడం ఎంత పనికివస్తుందో మీరే చూస్తారు. ఆ రాత ఉన్న కార్డును పారేయడానికి మనిషికి మనసొప్పదు. మ్యాట్ లామినేషన్, అంటే మెరుపు లేని ప్లాస్టిక్ పొర, వేసిన దాని మీద బాల్ పెన్ను సరిగా పడదు.

లామినేషన్ గురించి చెన్నైవాసులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. కాగితం గాలిలోని తేమను పీల్చుకుని సాగుతుంది, ప్లాస్టిక్ పొర సాగదు. అందువల్ల ఒక వైపు మాత్రమే లామినేట్ చేసిన కార్డు, సముద్రపు గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన ఊళ్ళో, కొద్ది రోజుల్లోనే వంపు తిరుగుతుంది. చేయిస్తే రెండు వైపులా చేయించండి, లేదా పూర్తిగా మానేయండి. మానేయడమే నాకిష్టం. కార్డులను గాలి చొరని డబ్బాలో పెట్టుకుంటే పూత లేని కాగితం కూడా బాగానే నిలుస్తుంది.

కొలత విషయంలో కొత్తదనానికి పోవద్దు. మనదేశపు ప్రెస్సుల్లో ఎక్కువగా నడిచేది మూడున్నర అంగుళాలు బై రెండు అంగుళాల కొలత, అంటే సుమారు 89 మి.మీ. × 51 మి.మీ. కొన్నిచోట్ల ఇంతకు ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూగా ఉంటుంది కనుక, మీరు వెళ్ళే ప్రెస్‌లో ముందే అడిగి రాసుకోండి. ఏటీఎం కార్డు కొలత 85.6 మి.మీ. × 54 మి.మీ. పర్సుల్లోని అరలన్నీ దానికి తగ్గట్టే కుట్టి ఉంటాయి కాబట్టి, చతురస్రపు కార్డులూ గుండ్రటి కార్డులూ అందంగా ఉన్నా పర్సులో పట్టవు, పట్టనివి ఇల్లు చేరవు.

నాలుగవ అడుగు: అమరిక

89 × 51 కొలతతో నాలుగైదు దీర్ఘచతురస్రాలను కాగితం మీద స్కేలుతో గీసి, పెన్సిలుతో పేరు ఎక్కడ ఉండాలో, వివరాలు ఎక్కడ ఉండాలో ముందు చేత్తోనే ప్రయత్నించండి. కంప్యూటరు తెర మీద కార్డు అరచేయంత పెద్దదిగా కనబడి మోసగిస్తుంది, చేత్తో గీసినప్పుడు అసలు కొలత మనసులో ఉంటుంది. నచ్చినది ఒకటి తేలాక, మీకు అలవాటైన డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పత్రం తెరిచి, నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ పెట్టండి. అప్పుడు మొత్తం కొలత 95 × 57 అవుతుంది. కత్తిరింపులో పోయే భాగం ఇది. లోపలివైపు కూడా 5 మి.మీ. అంచు వదిలి, మిగిలిన 79 × 41 లోనే అక్షరాలన్నీ ఉంచండి. కటింగ్ మిషన్‌లో ఒకటి రెండు మి.మీ. తేడా రావడం మామూలే. అక్షరం అంచుకు మరీ దగ్గరగా ఉంటే ఆ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇదే కారణంతో కార్డు చుట్టూ సన్నని చట్రం గీయడం మానుకోవాలి, ఎంత జాగ్రత్తగా కోసినా ఒక వైపు ఎక్కువగా, మరొక వైపు తక్కువగా కనబడుతుంది.

ముందువైపు పేరు ఒక్కటే. సరిగ్గా నడిమధ్యన పెట్టడం అందరూ చేసేదే. దానిలో తప్పేమీ లేదు గానీ, పేరును ఎడమ అంచుకు చేర్చి, కింది మూడో వంతులో ఉంచి, పైనంతా ఖాళీ వదిలితే కార్డుకు ఒక నడక వస్తుంది. వెనకవైపు వివరాలు కూడా అదే ఎడమ గీత నుంచి మొదలు కావాలి. పేరు ఒక చోట, నంబరు మధ్యలో, చిరునామా కుడివైపు అంటూ మూడు వేర్వేరు గీతల మీద నిలబెడితే, ఎన్ని మాటలు తగ్గించినా కార్డు గజిబిజిగానే ఉంటుంది.

రెండే పరిమాణాలు వాడండి. పేరుకు ఒకటి, మిగిలిన అన్నిటికీ ఒకటి. వివరాలకు ఇంగ్లీషులో 7.5 నుంచి 8 పాయింట్లు, తెలుగులో 9 పాయింట్లకు తక్కువ కాకుండా చూడండి. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు, కాబట్టి 9 పాయింట్లంటే సుమారు 3 మి.మీ. మాత్రమే. చత్వారం వచ్చిన కళ్ళకు అంతకన్నా చిన్న అక్షరం శిక్షే. ముఖ్యమైన మాటను ఎత్తి చూపడానికి పరిమాణం పెంచకుండా, చుట్టూ ఖాళీ పెంచండి. ఫోన్ నంబరుకు పైనా కిందా ఒక వరుస ఖాళీ వదిలితే, బోల్డ్ చేయకపోయినా చూపు అక్కడికే వెళ్తుంది.

తెలుగు అక్షరాల సంగతి

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు కార్డుల కోసం రాసిన సూచనల్లో ఇవి ఉండవు.

తెలుగు వరుసకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల దూరం మనకు చాలదు. పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడికి తగులుతుంది. 9 పాయింట్ల అక్షరానికి కనీసం 14 పాయింట్ల వరుస దూరం ఇవ్వండి. తెలుగు, ఇంగ్లీషు ఒకే వరుసలో ఉంటే రెండింటికీ ఒకే పాయింటు సంఖ్య పెట్టడం సరిపోదు, కంటికి సమానంగా కనబడేదాకా ఒకదాన్ని పెంచుతూ మరొకదాన్ని తగ్గిస్తూ చూసుకోవాలి.

గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు చాలా ఉన్నాయి. వివరాలకు మండలి, నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు వంటి శుభ్రమైనవి తీసుకోండి. అనేక్‌లో సన్నం నుంచి మందం దాకా చాలా బరువులు ఉన్నాయి, అదే కుటుంబంలో ఇంగ్లీషు, తమిళ అక్షరాలు కూడా ఉన్నాయి, కాబట్టి రెండు లిపులు పక్కపక్కన ఒకే చేతిరాతలా అమరుతాయి. పేరుకు కాస్త వ్యక్తిత్వం కావాలంటే సురన్న, రామభద్ర వంటివి ప్రయత్నించండి. మందమైన ఫాంటుతో ఒక చిక్కుంది: ద కూ ధ కూ, చ కూ ఛ కూ, డ కూ ఢ కూ ఉన్న తేడా ఒక చిన్న గీతే. చిన్న పరిమాణంలో, సిరా పీల్చే పూత లేని కాగితం మీద, ఆ గీత పూడిపోతుంది. మీ పేరులో అటువంటి అక్షరం ఉంటే సన్నని బరువు ఎంచుకోండి.

మరొక ప్రమాదం ప్రెస్‌లో ఎదురవుతుంది. 1914లో ఆంధ్రపత్రిక దినపత్రికగా మొదలైనది మద్రాసులోనే. తెలుగు పుస్తకాలూ పత్రికలూ దశాబ్దాల పాటు ఇక్కడే అచ్చయ్యాయి. ఇవాళ మాత్రం మీ ఫైలు తెరిచే ఆపరేటరుకు తెలుగు చదవడం రాకపోవచ్చు. మీ ఫాంటు అతని కంప్యూటరులో లేకపోతే వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది, పాత సాఫ్ట్‌వేర్ అయితే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, పొల్లులు ఊడిపోతాయి. ఇంగ్లీషులో అటువంటి తప్పు వస్తే అతనే పట్టుకుంటాడు, తెలుగులో వస్తే పట్టుకునే మనిషి అక్కడ ఉండడు. దీనికి ఒకటే విరుగుడు: ఫైలు పంపేముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా మార్చాలి. కోరెల్ డ్రాలో దీనిని కన్వర్ట్ టు కర్వ్స్ అంటారు, ఇల్లస్ట్రేటర్‌లో క్రియేట్ అవుట్‌లైన్స్ అంటారు. మార్చాక అక్షరదోషం దిద్దడం కుదరదు కాబట్టి, మార్చని ఫైలు ఒకటి విడిగా దాచుకోండి. ప్రెస్‌వారు "టెక్స్ట్ పంపండి, మేమే టైప్ చేస్తాం" అంటే మర్యాదగా వద్దనండి.

రంగు

ఒకే ఒక్క రంగు సిరా చాలు, అది నలుపైతే మరీ మంచిది. తక్కువ ఖర్చులో అచ్చయ్యే కార్డులను ప్రెస్సులు విడిగా వేయవు, పదిమంది కార్డులను ఒకే పెద్ద షీటు మీద పక్కపక్కన పేర్చి వేస్తాయి. మీ కార్డుకు తగినట్టు సిరా సర్దడం అక్కడ సాధ్యపడదు. పక్క కార్డులో ముదురు ఎరుపు పరుచుకుని ఉంటే, దాని కోసం వదిలిన సిరా మీ లేత గంధపు రంగును కూడా మార్చేస్తుంది. ఈసారి ఒక ఛాయలో, మరోసారి మరో ఛాయలో వస్తుంది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరానికి ఈ బెడద లేదు. నేపథ్యానికి రంగు కావాలనిపిస్తే, రంగు వేయించకుండా రంగు కాగితమే కొనండి.

నలుపును సీఎంవైకే పద్ధతిలో, అంటే అచ్చుకు వాడే నాలుగు సిరాల లెక్కలో, నల్ల సిరా 100 శాతం, మిగిలిన మూడు సున్నా అని ఖచ్చితంగా పెట్టాలి. తెర కోసం వాడే ఆర్‌జీబీ నలుపును అలాగే పంపితే, అది నాలుగు సిరాల మిశ్రమంగా మారుతుంది. ఒక్కో సిరాకు ఒకటిగా ఉండే నాలుగు అచ్చు ప్లేట్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిపై ఒకటి పడితేనే చిన్న అక్షరం స్పష్టంగా ఉంటుంది. కొంచెం జరిగినా అంచుల్లో రంగుల నీడ కనబడుతుంది. సన్న గీత ఏదైనా ఉంటే అది 0.25 పాయింటుకు తగ్గకూడదు.

క్యూఆర్ కోడ్ వేయాలా

వేయవచ్చు, కానీ దాని లెక్క తెలుసుకుని వేయండి. 1994లో జపాన్‌కు చెందిన డెన్సో వేవ్ రూపొందించిన ఈ గళ్ళ చతురస్రంలో సమాచారం పెరిగే కొద్దీ గళ్ళు పెరుగుతాయి. పేరు, నంబరు, ఈమెయిలు, చిరునామా అన్నీ ఇమిడ్చితే 150 అక్షరాలు సులువుగా అవుతాయి. కొన్ని గళ్ళు చెరిగినా ఫోన్ చదవగలిగేలా ఉంచే దోషసవరణను మధ్యస్థ స్థాయిలో పెడితే దానికి ఒక్కో వైపు 49 గళ్ళు కావాలి. చుట్టూ తప్పనిసరిగా వదలవలసిన నాలుగేసి గళ్ళ ఖాళీతో కలిపి 57 అవుతాయి. ఒక్కో గడి 0.6 మి.మీ. వేసుకున్నా 34 మి.మీ. దాటుతుంది, 51 మి.మీ. ఎత్తున్న కార్డులో ఇంకేమీ మిగలదు.

దానికి బదులు మీ వాట్సాప్ లింకు మాత్రం ఇవ్వండి. హెచ్‌టీటీపీఎస్‌తో మొదలై, డబ్ల్యూఏ డాట్ ఎంఈ, ఆ తర్వాత 91, పది అంకెల నంబరు, అన్నీ కలిపి సరిగ్గా 26 అక్షరాలు. అదే స్థాయిలో 25 గళ్ళ కోడ్‌లో పట్టేది కూడా 26 అక్షరాలే. ఖాళీతో కలిపి 33 గళ్ళు, అంటే 20 మి.మీ. లోపే. వెనకవైపు కుడి మూలలో అది హుందాగా అమరుతుంది. తెల్ల కాగితం మీద నల్ల గళ్ళే ఉండాలి, మధ్యలో లోగో దూర్చకూడదు. మన ఊళ్ళో క్యూఆర్ అనగానే టీ కొట్టు దగ్గర డబ్బు కట్టేదే గుర్తుకు వస్తుంది కాబట్టి, కింద చిన్నగా "వాట్సాప్" అని ఉంచడం అవసరం. చెల్లింపు కోడ్‌ను కార్డు మీద వేయకండి, దాని చోటు మీ స్టాలు బల్ల మీద.

గడువు తీరితే పని చేయని ఉచిత క్యూఆర్ సేవలు కొన్ని ఉంటాయి. మధ్యలో ఎవరి సర్వరూ లేకుండా నేరుగా మీ లింకునే గళ్ళుగా మార్చిన కోడ్‌ను వాడితే ఆ భయం ఉండదు.

ప్రూఫ్, ప్రెస్

ఫైలు పంపేముందు ఇంట్లోనో జిరాక్స్ షాపులోనో నూటికి నూరు శాతం కొలతతో ప్రింటు తీసి, కత్తిరించి, పర్సులో పెట్టి చూడండి. సభ జరిగే హాలు వరండాలో ఉండేపాటి మసక వెలుతురులో చదవండి. అరవై దాటినవారికి ఇచ్చి, కళ్ళజోడు పెట్టుకోకముందు ఏమేం చదవగలిగారో అడగండి. క్యూఆర్‌ను పాత ఫోన్‌తో స్కాన్ చేయండి. కార్డు మీద ఉన్న నంబరుకు, చూసి, ఒక్కొక్క అంకే నొక్కి ఫోన్ చేయండి. జ్ఞాపకం నుంచి సరిచూస్తే తప్పు దొరకదు.

అచ్చు పద్ధతిని కార్డుల సంఖ్య తేలుస్తుంది. ప్లేట్లు చేసి వేసే ఆఫ్‌సెట్‌లో సాధారణంగా వెయ్యి లెక్కన వేస్తారు, తక్కువ వేసినా ఖర్చు పెద్దగా తగ్గదు. వ్యాపారం కొత్తదై, నంబరో చిరునామానో మారే అవకాశం ఉంటే ప్లేట్లు లేకుండా ఫైలు నుంచి నేరుగా వేసే డిజిటల్‌లో వంద వేయించుకోవడం తెలివైన పని. ఒకే రంగు, మందమైన కాగితం, తక్కువ సంఖ్య అనుకున్నవారికి, సన్నని జాలీ గుండా సిరాను కాగితం మీదికి ఒత్తే స్క్రీన్ ప్రింటింగ్ చాలా బాగుంటుంది. సిరా కాగితం మీద కాస్త ఎత్తుగా, నిండుగా నిలుస్తుంది, రంగు కాగితం మీద తెల్ల సిరా కూడా పడుతుంది. అయితే సన్నని గీతలూ చిన్న అక్షరాలూ అందులో పూడిపోయే అవకాశం ఉంది, కాబట్టి పేరు ఉన్న ముందువైపుకు స్క్రీన్, వివరాలున్న వెనకవైపుకు డిజిటల్ లేదా ఆఫ్‌సెట్ అడిగి చూడండి. బంగారు ఫాయిల్, కొన్నిచోట్ల మాత్రమే మెరిసే పూత వేసే స్పాట్ యూవీ వంటివి ప్రెస్‌వారు ఇష్టంగా చూపిస్తారు. ఈ రకం కార్డుకు అవి అక్కరలేదు.

మొత్తం వేయకముందు, మీరు ఎంచుకున్న కాగితం మీదే ఒక నమూనా తీసి చూపమని అడగండి. తెలుగు పేరును అక్షరం అక్షరంగా, ఒత్తులతో సహా, మీరే స్వయంగా చదవండి. వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి సరే అనకండి, తేమలో కాగితం ఎలా ఉందో, సిరా ఎంత పీల్చుకుందో ఫొటోలో తెలియదు. నమూనా మీద తేదీ వేసి, సంతకం చేసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.

కార్డులు వచ్చాక ఆ నమూనా వెనకే కాగితం పేరు, జీఎస్ఎం, కొన్న దుకాణం, ఫాంటు పేరు, పాయింట్లు, వరుస దూరం, అచ్చు పద్ధతి రాసి, కర్వ్స్ ఫైలుతోనూ మార్చని ఫైలుతోనూ కలిపి భద్రపరచండి. మళ్ళీ వేయించవలసి వచ్చినప్పుడు ఆపరేటరు మారినా, ప్రెస్సే మారినా, అదే కార్డు తిరిగి వస్తుంది.